గొంతుతీగ మీద మెత్తటి మాట

నమోదు 1

కౌముది అనబడే నేను, మనస్తత్వశాస్త్రంలో పట్టభద్రురాలిని, అమలాపురం వాస్తవ్యురాలిని, నల్లరాళ్ళ దిన్నె నీటిగనిలో కంపెనీవారి క్షేత్ర సహాయకురాలిగా నేటినుంచి బాధ్యతలు స్వీకరించానని ఇందుమూలంగా సమస్త లోకానికీ తెలియజేస్తున్నాను. సమస్త లోకం అంటే ప్రధాన కార్యాలయంలో కూర్చుని ఈ నమోదులు చదివే విద్యుల్లత మేడమ్ ఒక్కరే. మేడమ్‌కి నమస్కారం.

బాధ్యత చిన్నదే. మనుషుల మెడకి పట్టీ కట్టాలి. ఆ పట్టీ పేరు నిమ్మళం. గుండె దడదడలాడగానే అది మెడలోని నరాన్ని మెల్లగా తడుతుంది, చెవిలో నాలుగు మంచి మాటలు చెబుతుంది, దడ దిగిపోతుంది. ఇది అన్ని రకాల మనుషుల మీదా ఒకేలా పనిచేస్తుందని నిరూపించడానికి కంపెనీ ప్రపంచంలో ఏడు చోట్ల పరీక్ష పెట్టింది. ఒకటి మంచు ఊరు, ఒకటి దీవి, ఇలా. ఏడోది ఈ దిన్నె. ఏడుగురు సహాయకుల్లో నా మార్కులే తక్కువ కాబట్టి ఎండ ఎక్కువున్న చోటు నాకు దక్కింది.

వచ్చీరాగానే నా చేతిలో ఒక చెంబు పెట్టారు. స్నానానికి ఎంత అని అడిగాను. “అదే స్నానానికి, అదే తాగేకి, అదే మొగం కడిగేకి,” అంది ఇంటావిడ వన్నూరమ్మ. “యాటికైనా వాడుకో. మాకేం అభ్యంతరం లేదు.”

నాకంటే అయిదారేళ్ళు పెద్దదేమో. వన్నూరక్క అని పిలవమంది. నల్లగా, సన్నగా, గునపంలా ఉంటుంది. పొద్దెక్కితే బయట తిరగడం ఇక్కడ నేరం కాదు గానీ మూర్ఖత్వం. అందుకని పనులన్నీ తెల్లవారుజామునే. సూర్యఫలకాల మీద దుమ్ము తుడవడం, సంగటి కెలకడం, గనిలోకి దిగడం. నేను దుమ్ము తుడిచాను. నాకు చేతనైంది అదొక్కటే అని ఏకగ్రీవంగా తేల్చారు.

నమోదు 2

ప్రశ్నావళి పూర్తిచేయించే మహత్కార్యం ఈరోజు ప్రారంభమైంది. మొదటి బలి హనుమక్క. వన్నూరక్కకి అత్తగారు. డెబ్భై దాటాయి, ఊరి పిల్లలందరికీ జేజి, అంటే నాయనమ్మ. గొంతు మాత్రం ఇంకా కొత్తదే.

“గత రెండు వారాల్లో మీకు నిష్కారణంగా భయం కలిగిందాండీ?”

“నిష్కారణంగా యాటికి కలుగుతాది? కారణం లేకుండా భయపడేకి మాకేమన్నా తీరిక ఉండాదా?”

“పోనీ, సకారణంగా?”

“కోడలు గనిలో ఉంటే భయం. పైకొస్తే, రేపు మళ్ళా దిగుతాదని భయం. తాడు తెగుతాదని భయం. తెగలేదంటే ఈరోజు తెగలేదే, రేపేమోనని భయం. రాసుకో, రాసుకో. యాటికి నవ్వుతాండావ్?”

“అలాంటప్పుడు మీరేం చేస్తారండీ?”

“తిడతా.”

“ఎవరిని?”

“యవరు దొరికితే వాళ్ళను.” నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వు బానే దొరికేటట్టుండావే.”

మార్కులు కూడితే హనుమక్కకి ‘ఆందోళన: అత్యధికం’ వచ్చింది. ఏడు చోట్లలోనూ ఇంతటి మార్కులు ఎవరికీ రాలేదట. ఆ మాట చెబితే ఆవిడ కొంగు సర్దుకుని, సన్మానానికి పిలిచినట్టు కూర్చుంది.

నమోదు 3

ఈ నమోదు కేవలం దుఃఖంతో రాస్తున్నాను.

నిమ్మళం పట్టీని స్థానిక సంస్కృతికి అనుగుణంగా మలిచామని కార్యాలయం వారు సెలవిచ్చారు. మలచడం అంటే చెవిలో మాట్లాడే గొంతుకి తెలుగు నేర్పారు. వార్తలు చదివే తెలుగు. “మీరు క్షేమంగా ఉన్నారు. దీర్ఘంగా శ్వాసించండి” అంటుంది. “నన్ను మీరు అన్నోడు ఇదివరకు ఒక్కడే, జప్తుకొచ్చిన అమీనా,” అన్నాడు కుళ్ళాయప్ప మామ. ఈయన రాట్నం మనిషి. కంపెనీ బిగించిన మోటారు రాట్నంతో గనిలోకి తాడు వదిలేది, లాగేది ఆయనే. పట్టీ మాట విన్నప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు.

అది పర్వాలేదు. అసలు ఘోరం వేరే ఉంది. మాటల వెనకాల హాయినిచ్చే చప్పుడు ఒకటి పెట్టారు. వాన చప్పుడు. మిగతా ఆరు చోట్లా అది వింటే జనం నిద్రలోకి జారుకున్నారట. ఇక్కడ నాలుగేళ్ళుగా చినుకు లేదు. పట్టీలు మొదటిసారి మోగగానే ఊరు ఊరంతా గిన్నెలు, బకెట్లు, ఉయ్యాలలోని పిల్లని దింపేసి ఆ ఉయ్యాల తొట్టీ పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. మండుటెండ. ఆకాశం బోర్లించిన పెనంలా ఉంది. ఒక్కొక్కరే నావైపు తిరిగారు.

నేను పరిశోధన నిమిత్తం ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

కార్యాలయానికి రాస్తే ‘స్వల్ప ఉత్సాహం: దుష్ప్రభావం కాదు’ అని జవాబు వచ్చింది. మంచు ఊళ్ళోని సహాయకురాలు మారీత్ మాత్రం నన్ను ఓదార్చింది. అక్కడ ఆందోళన వస్తే మనుషులు మాట్లాడకుండా, కదలకుండా కూర్చుంటారట. అది వాళ్ళ పద్ధతి. పట్టీ ఏమో వాళ్ళంతా చచ్చారనుకుని అంబులెన్సుల్ని పిలిచింది.

నమోదు 5

ఈరోజు గని దగ్గరే ఉన్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఇక్కడివాళ్ళు నీళ్ళని బొగ్గులా తవ్వుకుంటారు. యంత్రం కొంతదూరమే వెళ్తుంది. ఆ కింద రాతిలో సన్నటి చీలికలు. వాటిల్లో బురద పేరుకుని గట్టిపడుతుంది. దాన్ని సుత్తితో కొట్టి మనిషి చేతులే తియ్యాలి. వన్నూరక్క పని అదే. బురద తీయగానే నీళ్ళు ఊరతాయి. ఊరిన నీళ్ళు ఆమె నిలబడిన అరుగుని ముంచేలోగా నడుముకి కొక్కెంతో తగిలించిన తాడు పట్టుకుని పైకి రావాలి.

ఆమె చెవికి ఒక తీగ ఉంటుంది. దాన్ని గొంతుతీగ అంటారు. దాని రెండో కొస గట్టుమీద హనుమక్క చేతిలో ఉంటుంది. కోడలు దిగింది మొదలు ఎక్కేదాకా హనుమక్క ఆ తీగలో ఆపకుండా తిడుతుంది. ఆపకుండా అంటే, ఊపిరి పీల్చుకుంటూ కూడా.

“ఏమే, దిగినావా సచ్చినావా? నీ మొగానికి బురద తీసే పని గూడానా! నిన్న సంగట్లో ఉప్పేసినావా నీ కోపమేసినావా? సుత్తి సప్పుడు ఇనపడదే, నిద్రబోతాండావా, నీ బతుకు బండలుగాను!”

“ఉప్పు నీ కొడుకు కాలం నుంచీ అంతే ఏస్తాండా,” కిందనుంచి వన్నూరక్క. “నాలిక నీది పోయింది, నాది గాదు.”

“నా నాలిక పోయిందా? పైకిరా, చూపిస్తా!”

“వస్తా, వస్తా. రాక యాడికి పోతా?”

నేను ముచ్చటపడి, “ఒక్కసారి మంచిగా మాట్లాడొచ్చుగా?” అన్నాను. రాట్నం దగ్గర కుళ్ళాయప్ప మామ చెయ్యి ఆగిపోయింది.

“ఆ మాట మళ్ళా అనొద్దు పాపా,” అన్నాడు. “తీగ మీద మెత్తగా మాట్లాడేది ఒక్కసారే. పైకి తెచ్చే దోవ లేదని తెలిసినంక. పోయేవాళ్ళను తిట్టి పంపకూడదు గదా. తిడతాండారంటే ఆశ ఉండాదని లెక్క.”

హనుమక్క కొడుకు సుంకన్న, అంటే వన్నూరక్క మొగుడు, పాత గనిలో బండ కూలి ఇరుక్కుపోయినప్పుడు తీగ పట్టుకున్నది ఈవిడే. జీవితంలో మెత్తగా మాట్లాడింది ఆ ఒక్క పూటే. వన్నూరక్క చంటిపిల్లనెత్తుకుని పక్కనే నిలబడి అంతా విన్నది.

ఇదంతా ‘స్థానిక ఆచారాలు’ అన్న గడిలో రాసి పంపాను. ‘ఆసక్తికరం!’ అని జవాబు వచ్చింది. ఆశ్చర్యార్థకంతో సహా.

నమోదు 6

కార్యాలయం ఆదేశం. గట్టుమీద తిట్టడం అనేది ఆందోళన లక్షణం. కనుక గట్టు మనుషులకి పట్టీ బలం పెంచాలి. సిబ్బంది కూడా ఎల్లవేళలా పట్టీ ధరించాలి.

లక్షణం కాదండీ, పద్ధతి అని రాశాను. విద్యుల్లత మేడమ్ తెరమీదకి వచ్చారు. ఆవిడ పట్టీ కట్టుకుని నాలుగేళ్ళయింది. ముఖంలో ముడత లేదు, మాటలో ఎత్తుపల్లాలు లేవు. ఇస్త్రీ చేసిన మనిషి.

“కౌముదీ, పద్ధతులన్నీ ఒకప్పటి లక్షణాలే.”

“మరి పట్టీ కట్టుకోవడం మేడమ్?”

“నీ హాస్యం నాకు నచ్చుతుంది,” అన్నారు. నచ్చిన ఆనవాలు ముఖంలో ఎక్కడా కనబడలేదు.

నేను పట్టీల బలం పెంచాను. పెంచానని గొంతు తగ్గించి రాస్తున్నాను.

నమోదు 8

దిన్నె మారిపోయింది. నిన్న కుళ్ళాయప్ప మామ ఎవరితోనూ పోట్లాడలేదు. చెంబు నీళ్ళ దగ్గర వరసలో ఒకళ్ళు దూరితే వెనకవాళ్ళు “పోనీలే” అన్నారు. ఈ ఊరి చరిత్రలో ఆ మాట వినబడడం ఇదే మొదలట.

హనుమక్క తిట్లు కూడా పలచబడ్డాయి. నిన్న తీగ మీద “ఏమే... ఏమే...” అని మొదలుపెట్టి, ఏం తిట్టాలో మర్చిపోయినట్టు ఆగింది. మధ్యలో మిగిలిన తిట్లని వన్నూరక్కే అందించింది. పైకొచ్చాక నన్ను పక్కకి పిలిచి, “మా అత్తకు ఒళ్ళు బాగలేదా పాపా? ఉప్పు గురించి ఒక్క మాటన్లా,” అంది.

తెరమీద అన్ని గీతలూ ఆకుపచ్చ. ఏడు చోట్లలో మనమే మొదటి స్థానం. సంబరంగా నాలుగు చెనిక్కాయలు, అదే వేరుశనగలు, ఎక్కువ తిన్నాను. మెడనిండా చెమటకాయలు పేలి పట్టీ ఒరుసుకుంటోంది. రేపు తీసి జేబులో పెట్టుకుంటే ఎవరు చూడొచ్చారు? ఇది నమోదులో రాయకూడదు. రాశాను.

నమోదు 9

ఇది నవ్వుతూ రాయాల్సిన నమోదు కాదు. నవ్వు దానంతట అదే దూరితే నా పూచీ లేదు.

వన్నూరక్క దిగింది. గట్టుమీద ఉన్నవాళ్ళందరి మెడకీ పట్టీలున్నాయి, నా మెడకి తప్ప. హనుమక్క తీగ అందుకుంది.

“వన్నూరూ,” అంది. ఆ పిలుపుకే నా చేతిలో చెనిక్కాయ ఆగిపోయింది. “బంగారు తల్లీ, దిగినావా? నిదానంగా చేసుకో అమ్మా. తొందరేం లేదు.”

కింద సుత్తి చప్పుడు ఆగింది.

“అత్తా?” వన్నూరక్క గొంతు. “ఏం ఇరిగింది?”

“ఏమీ ఇరగలేదు తల్లీ. నువ్వు భయపడొద్దు. నేనీడనే ఉండా.”

సుంకన్నకి చెప్పినవీ సరిగ్గా ఇవే మాటలని తర్వాత తెలిసింది. ఆ క్షణాన అది వన్నూరక్కకి తెలుసు, నాకు తెలీదు.

తెరమీద ఆమె గుండె గీత తాటిచెట్టు ఎక్కింది. పట్టీ పని మొదలుపెట్టింది. గీత చెట్టు దిగింది. నేలమీద సాఫీగా పడుకుంది. ఆందోళన: సున్నా. పక్కన ఆకుపచ్చ పువ్వు పూసింది.

“సరే అత్తా,” అంది కిందనుంచి. కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా. “పిల్లకు తలకు నూనె పెట్టు. ఎండకు ఊరికే పేలిపోతాండాది. తాడు పంపిస్తాండా, లాక్కోండి.”

“తాడు తేలికైందే,” అన్నాడు కుళ్ళాయప్ప మామ. సాంబారులో పులుపు తగ్గిందే అన్న ధోరణిలో.

“తేలికవడం ఏంటి మామా?”

“నడుముకుండే కొక్కెం ఇప్పేసింటాది. పోయేవాళ్ళు తాడు ఇప్పేస్తారు పాపా. ఉండేది ఒక్క తాడే గదా. ఎతికేకి దిగేటోళ్ళకు కావల్ల.” ఇంత చెప్పి మోటారు మీట వదలకుండా రాట్నం తిప్పుతూనే ఉన్నాడు. ఖాళీ తాడు పైకి వస్తోంది. కింద అరుగు మీద నీళ్ళు ఎక్కుతున్నాయి. గట్టుమీద పదిమంది చల్లగా, పెళ్ళిలో ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఏమీ విరగలేదు. బండ కూలలేదు. తాడు తెగలేదు. ఒక మనిషి ఏ కారణమూ లేకుండా, హాయిగా, చావడానికి కూర్చుంది.

నేను అత్యవసర మీట నొక్కాను. మేడమ్ వచ్చారు.

“మేడమ్, పట్టీలన్నీ అక్కడినుంచి ఆపేయండి! అందరివీ, ఇప్పుడే!”

“కౌముదీ, నీ గొంతు వణుకుతోంది. నీ పట్టీ ఏది?”

“కింద మనిషి చచ్చిపోతోంది!”

“ఇక్కడ ఆమెకి సున్నా చూపిస్తోంది. చాలా మంచి సంఖ్య. ముందు నువ్వు దీర్ఘంగా...”

తెర ఆర్పేశాను. ఉద్యోగంలో చేరాక నేను చేసిన మొదటి మంచిపని అదే.

హనుమక్క చేతిలోంచి తీగ లాక్కున్నాను. తిట్టాలి. దేవుడా, తిట్టాలి. పదహారేళ్ళు చదివాను, ఒక్క తిట్టు నోటికి రాదు. “అక్కా! మీకు బుద్ధుందాండీ? తాడు ఎందుకు విప్పేశారండీ? సిగ్గులేదాండీ మీకు?”

కిందనుంచి జవాబు వచ్చింది, మెల్లగా: “పాపా, నువ్వు గూడా ఇంత మర్యాదగా మాట్లాడతాండావంటే అయిపోయినట్టే. మంచిదానివి నువ్వు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినాయి. సల్లగుండాయి.”

మా గోదావరి మర్యాద మండిపోను. 

కుళ్ళాయప్ప మామ నడుముకున్న కత్తి దూసి హనుమక్క మెడమీది పట్టీ కోసేశాను. ఆవిడ నన్నేమీ అనలేదు, చిన్నపిల్లలా మెడ అందించింది. తర్వాత మామది. తర్వాత అందినవాళ్ళందరివీ. కానీ లోపల నిండిన నిమ్మళం ఒక్కసారిగా దిగదు. రాతి మీద జారే తేనెలా దిగుతుంది. హనుమక్క భుజాలు పట్టుకుని కుదిపాను.

“జేజీ, వన్నూరక్క తాడు విప్పేసింది! నువ్వు మెత్తగా మాట్లాడావు, జేజీ! సుంకన్నతో మాట్లాడినట్టు మాట్లాడావు!”

ముందు ఆవిడ కనుబొమ్మలు కదిలాయి. తర్వాత పెదవి. తర్వాత చేతివేళ్ళు. భయం మనిషిలోకి తిరిగి రావడం నేను మొదటిసారి దగ్గరనుంచి చూశాను. ఊరొదిలి పోయినవాళ్ళు తిరిగొచ్చి ఒక్కొక్కరే తమ ఇంటి తాళం తీసుకుంటున్నట్టుంది. కళ్ళు పెద్దవయ్యాయి. తీగ నా చేతిలోంచి ఒక్క లాగు లాగింది.

“ఓసి నీ తలపండు పగల! యవతె నిన్ను తాడు ఇప్పమన్నది? నీయబ్బ తెచ్చిచ్చినాడా ఆ తాడు? నీళ్ళలో నిలబడుకోని సల్లగుండాదంట, సల్లగ! ఎనుములా! నా కొడుకును మింగింది సాలక ఆ గుంత నిన్ను గూడా మింగల్నా? నీ పిల్లకు నూనె నేను పెట్టల్నా? నా సేతులు పడిపోయినాయి, నువ్వే వచ్చి పెట్టుకో! నిన్నటి సంగట్లో ఉప్పు లేదే! మొన్న గూడా లేదే! లేదే! ఇనపడతాందా?”

తీగలో నీళ్ళ చప్పుడు. ఇంకేమీ లేదు. హనుమక్క ఆగలేదు. కుళ్ళాయప్ప మామ కూడా అందుకున్నాడు, “యాడ సస్తాండావ్ వన్నూరూ, నా రాట్నం యవరి కోసం తిప్పల్ల, నీ తాతా!” అంటూ తాడు కిందికి వదిలాడు. పట్టీలు తెగిన వాళ్ళంతా గట్టు అంచుకొచ్చి వంగి అరిచారు. నేనూ అరిచాను. ఏమని అరిచానో మా అమ్మకి తెలియకపోతే మంచిది.

“అత్తా?” అంది కిందనుంచి. చాలాసేపటికి.

“ఏందే?”

“తిడతాండావా?”

“లేదే, ముద్దు పెట్టుకుంటాండా!”

“నిజంగా తిడతాండావా?” ఆ గొంతులో ఏదో చిట్లింది. కింద ఆమె తన పట్టీ తనే పీకేసింది, ఆ చప్పుడు తీగలో టప్పుమని వినబడింది. “అట్లయితే తాడు యాడుండాది? సీకట్లో కనపడదే! అత్తా, నడుము దాకా వచ్చినాయి, తాడు యాడుండాది!”

ఆ అరుపంత కమ్మటి అరుపు నేను జన్మలో వినలేదు. భయంతో అరిచింది. నిలువెల్లా భయంతో.

తాడు దొరికింది. మోటారు తిరుగుతున్నా ఆగలేక ఎనిమిదిమందిమి లాగాం.

పైకి వచ్చాక హనుమక్క ఆమెని రెండు చేతులా కొట్టింది. వీపుమీద, భుజంమీద, ఎక్కడ దొరికితే అక్కడ. ఒక్క మెత్తటి మాట మాట్లాడలేదు. చెంబు మాత్రం తనే పట్టుకుని, చివరి చుక్కదాకా తాగించింది. అది ఆ రోజు తన వంతు నీళ్ళు.

నమోదు 10

వన్నూరక్క జ్వరంతో పడుకుంది. నేను పక్కన కూర్చుని విసురుతున్నాను. ఎలా అనిపించిందని అడిగాను. అడగడం నా ఉద్యోగం కాబట్టి కాదు.

“హాయిగా ఉన్నింది పాపా. అదే నాకిప్పుడు భయం. సస్తాండానని తెలుస్తాండాది, ఏడుపు రాలా. నా పిల్ల మొగం తలుసుకుంటి. అప్పుడూ రాలా. తల్లి సస్తా పిల్లను తలుసుకోని ఏడ్సకపోతే ఎట్ల? ఆ ఏడుపు నాది గదా. నన్నడగకుండా యవడు దీసుకున్నాడు?”

నా చేతిలో విసనకర్ర ఉంది. విసిరాను.

నమోదు 11

కార్యాలయం నుంచి అభినందనలు!

ఆశ్చర్యార్థకం నాది కాదు, వాళ్ళదే. నిన్నటి సంఘటనలో, ప్రాణాపాయ స్థితిలో సైతం, మనిషికి సంపూర్ణ ప్రశాంతత కలిగించగలిగినట్టు ప్రపంచంలోనే మొదటిసారి రుజువైందట. మనిషి బతికిందన్నది అదనపు సమాచారం కింద చేర్చారు. ఇకనుంచి ఈ ప్రాంతంలో ఏ నీటిగనిలో అయినా దిగేవాళ్ళకీ, గట్టు మనుషులకీ పట్టీ తప్పనిసరి. పట్టీలు పెట్టుకోకపోతే రాట్నం మోటారుకి దానంతటదే తాళం పడుతుంది. నేను చేయవలసిందల్లా నివేదికలో ‘సఫలం’ అన్న మాట దగ్గర వేలిముద్ర వేయడం.

మారీత్‌కి చెప్పాను. బదులుగా ఆమె దీవిలోని పరీక్ష సంగతి చెప్పింది. అక్కడ చావింట్లో ఏడవడం బిడ్డల బాధ్యత. ఒక కూతురు పట్టీతో తల్లి శవం పక్కన కూర్చుంది. కన్నీరు రాలేదు. ఊరు ఆమెని వెలివేసింది. ఆమెకి అదీ బాధ కలిగించలేదు. నివేదికలో ‘సఫలం’ అనే పడిందట.

నేను వేలిముద్ర వేయలేదు. ఆ గడిలో ‘విఫలం. ఒక మనిషిని దాదాపు చంపాం. కొట్టేసి రాయమంటే మళ్ళీ ఇదే రాస్తాను’ అని రాసి పంపాను. నా మార్కులు తక్కువే గానీ దస్తూరి బాగుంటుంది.

నమోదు 12

ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. ‘పాల్గొనేవారు కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తప్పుకోవచ్చు.’ దాన్ని ఊరందరికీ చదివి వినిపించాను. విద్యుల్లత మేడమ్ ఎదురుగా, తెరముందు, అందరూ తప్పుకుంటున్నట్టు చెప్పాలని తీర్మానించాం.

హనుమక్క ముందుకొచ్చి కూర్చుంది. మేడమ్ నవ్వారు.

“కారణం చెప్పనవసరం లేదమ్మా.”

“చెప్పకుండా యాటికి పోతా? చెప్పే పోతా. కుచ్చో.” ఇక మొదలుపెట్టింది. గొంతులో పాత పదునంతా ఉంది. పట్టీని, పట్టీ చేసినవాణ్ణి, ఊరి చెవుల్లో వాన పోసినవాణ్ణి, వార్తల తెలుగు నేర్పినవాణ్ణి, ఒక్కొక్కరినీ పేరు తెలియకపోయినా గుర్తుపట్టేంత వివరంగా తిట్టింది. “మా భయం మేం పెంచుకున్న కుక్క. అది మొరిగితేనే మాకు దొంగ తెలిసేది. దానికి మత్తుమందు పెట్టి, ఊరు ప్రశాంతంగా ఉండాది అంటాండారే, మీకు సంసారాలు లేవా?”

ఆగింది. మేడమ్ ముఖం అలాగే ఉంది.

“మీ భావాలను మేము ఎంతో గౌరవిస్తున్నాం అమ్మా. మీరు క్షేమంగా ఉండాలి.”

హనుమక్క ఆ మాటలు విని తెరకి దగ్గరగా వంగింది. ఆవిడ ముఖంలోంచి కోపం మొత్తం దిగిపోయింది.

“అయ్యో పాపం,” అంది మావైపు తిరిగి. “ఈ పాప ఎప్పుడో సచ్చిపోయినట్టుండాదే. యవరూ చెప్పలేదేమో.”

ఎవరం నవ్వలేదు. తెరమీద మేడమ్ చెయ్యి ఒక్కసారి మెడదగ్గరికి వెళ్ళింది. పట్టీని తాకి, దిగిపోయింది. తెర ఆరిపోయింది.

పొద్దుగూకేలోపు మూడు విషయాలు జరిగాయి. నా ఉద్యోగం పోయింది. రాట్నం మోటారుకి దూరంనుంచే తాళం వేశారు. మా సంగతి విని మంచు ఊరంతా పట్టీలు తీసి, ఒక్క మాటా మాట్లాడకుండా అక్కడి కార్యాలయం గుమ్మంలో కుప్పపోసిందని మారీత్ కబురు పెట్టింది.

నమోదు 13

ఈ నమోదులు రాసే అధికారం నాకిక లేదని తెలుసు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

తొట్టెల్లో నీళ్ళు అడుగంటాయి. చీలిక శుభ్రం చేయకపోతే ఊరికి నీళ్ళుండవు. కుళ్ళాయప్ప మామ మోటారు మరలు విప్పి పక్కన పడేశాడు. రాట్నానికి నాలుగు కర్రలు దూర్చి కట్టారు. మనుషులే తిప్పుతారు. కర్రకి ఇద్దరేసి. కార్యాలయం నుంచి ఎర్ర అక్షరాల హెచ్చరిక వస్తూనే ఉంది: ‘అనుమతి లేని అవరోహణ. తక్షణం నిలిపివేయండి.’

వన్నూరక్క నడుముకి కొక్కెం బిగించుకుంటోంది. అది రెండుసార్లు జారింది. మూడోసారి తగులుకుంది.

“భయంగా ఉందా అక్కా?” అన్నాను.

“ఉండదా మరి? మొన్ననే గదా సచ్చేదాన్ని.” కొక్కేన్ని లాగి చూసుకుంది, ఇంకోసారి లాగి చూసుకుంది. “మొన్న ఇన్నిసార్లు లాగి చూసుకోలా. మంచిదే, ఉండనీ.”

నిన్న మేడమ్‌ని అంతసేపు తిట్టాక హనుమక్క గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. తీగ నా చేతిలో పెట్టింది. గట్టుమీద నా పక్కనే గొంతుక్కూర్చుని, ఒక్కొక్క తిట్టూ చెవిలో ఊదుతోంది, నేను మర్చిపోతానేమోనని.

కార్యాలయం చివరి ప్రశ్న పంపింది: ‘అక్కడ అందరూ ప్రశాంతంగా ఉన్నారా?’

లేరు మేడమ్. ఒక్కరు కూడా లేరు. కర్రలు పట్టినవాళ్ళ అరచేతులకి చెమట. కుళ్ళాయప్ప మామ తాడు ప్రతి పేటా తడిమి చూస్తున్నాడు. హనుమక్క నా మణికట్టు పట్టుకున్న చోట వేళ్ళ అచ్చులు పడుతున్నాయి. నా గుండె దరువు వేస్తోంది. ఊరు ఊరంతా భయపడుతూ, ఆ గుంతలోంచి చూపు తిప్పకుండా నిలబడి ఉంది.

తాడు బిగిసింది. ఆమె దిగుతోంది. ఇక రాయడానికి వీల్లేదు, నోటినిండా పని ఉంది.